నడినెత్తి మలుపు

మైనం తాత కూర్చునే స్టూలు మీద స్కానరుతో వచ్చిన ఖాళీ అట్టపెట్టె పెట్టారు. ఎక్కడ పెట్టాలో తోచక అక్కడ పెట్టారంతే, అందులో ఎవరి కుట్రా లేదు. కానీ పొద్దున్నే ల్యాబుకి వచ్చి ఏప్రన్ కట్టుకుంటూ పక్కకి చూసేసరికి ఆమె చేతులు ముడి దగ్గరే ఆగిపోయాయి. మొన్నటిదాకా ఆ స్టూలు మీద ఒక మనిషి వీపు వంచి కూర్చుని, స్పిరిట్ దీపం మీద చిన్న గరిటె వేడిచేసి, మైనాన్ని బొట్టుబొట్టుగా పేర్చి దవడపన్ను తయారుచేసేవాడు. పన్ను మీది గుంటలు చెక్కేటప్పుడు నాలుకతో తన పళ్ళనే తడిమి చూసుకునేవాడు. ఇప్పుడా పని స్కానరుది. పంటి అచ్చును దాని గూట్లో పెట్టి తలుపు మూస్తే చాలు, కాసేపటికి తెర మీద పన్ను మొలుస్తుంది.

మాన్పించిన రోజు ల్యాబు యజమాని ముందు టీ తెప్పించాడు. అందరూ తాగాక, రేపట్నుంచి మీరు శ్రమ పడకండి అన్నాడు తాతతో. ఆ మాట గదిలో అందరికీ వినబడింది. అందరూ తలలు దించుకుని చేతిలో పని మీద పడ్డారు. ఆమె అయితే పాలిష్ మోటారు వేగం పెంచింది, మిగతా మాటలు ఆ చప్పుడులో కొట్టుకుపోతాయని. తాత తన గరిటెలు గుడ్డలో చుట్టుకుని, తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే తమ వంతు ఎప్పుడన్న మాట కూడా వస్తుంది.

స్టూలు మీద అట్టపెట్టె చూసిన రోజు సాయంత్రమే నక్షత్ర సంఘం మీటింగు. సంఘంలో ఆమెని పళ్ళమ్మాయి అంటారు. తను పళ్ళ డాక్టరు కాదనీ, కట్టుడుపళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తుందనీ మొదట్లో చెప్పి చూసింది. ఆ వివరం ఎవరికీ అక్కర్లేకపోయింది, ఆ పేరే స్థిరపడిపోయింది. సంఘం అంటే పెద్ద గొప్పేమీ కాదు. ఆకాశం పిచ్చి ఉన్న పదీ పదిహేనుమంది, గ్రంథాలయం మేడ మీద కప్పు తెరుచుకునే ఒక రేకుల గది, అందులో స్తంభానికి బిగించిన టెలిస్కోపు. పేపర్లు చదివేవాళ్ళు వెళ్ళిపోయాక కింద గ్రంథాలయం హాల్లోనే కుర్చీలు వేసుకుని మాట్లాడుకుంటారు.

ఆరోజు మాట కెమెరా గురించి. ఇన్నాళ్ళూ టెలిస్కోపు వెనక తగిలించిన కెమెరాను చేత్తోనే నడిపారు. ఇక మీద కంప్యూటరుతో నడపాలని కార్యదర్శి ప్రతిపాదించాడు. సరైన సాఫ్ట్‌వేర్ ఉంటే ఫోకస్ అదే సరిచూసుకుంటుంది, ఫోటో తర్వాత ఫోటో అదే తీసుకుంటుంది, పైగా మలుపు కూడా అదే తిప్పుతుంది అని చెప్పాడు. మలుపంటే సంఘంలో అందరికీ తెలుసు. చుక్క తూర్పున లేచి నడినెత్తికొచ్చి పడమటికి వాలుతుంది, టెలిస్కోపు దాని వెంటే తిరుగుతుంది. నడినెత్తి దాటాక కూడా అలాగే పోనిస్తే వెనకున్న కెమెరా వెళ్ళి స్తంభానికి కొట్టుకుంటుంది. అందుకని ఆ సమయానికి ఆపి, మొత్తం గొట్టాన్ని స్తంభానికి అటువైపు నుంచి ఇటువైపుకి తిప్పి, మళ్ళీ అదే చుక్కకి గురిపెట్టాలి. ఇంతకాలం ఆ పని ఆపరేటరుది.

ఆయన నిజంగానే ఆపరేటరు. సినిమా హాల్లో రీళ్ళు తిప్పినవాడు. రీళ్ళ కాలం పోయి హాలువాళ్ళు పొమ్మన్నాక సాయంత్రాలు ఈ మేడ మీదికి చేరాడు. మేడ తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. ఎవరు ఏ ఫోటో తియ్యాలన్నా ఆయన ఉండాల్సిందే. ఫోటో కింద ఆయన పేరు మాత్రం ఎవరూ వెయ్యరు, వెయ్యాలని ఎవరికీ తట్టదు కూడా.

"ఇక ఎవరూ పైకి ఎక్కనక్కర్లేదు. ఇంట్లో దుప్పటి కప్పుకుని ఫోటోలు తీసుకోవచ్చు," అన్నాడు కార్యదర్శి.

అందరూ నవ్వారు. ఆపరేటరు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో తాళాలగుత్తి బల్ల మీద పెట్టాడు, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఆ ముఖంలో ఏముందో చూసినవాళ్ళు ఎవరూ లేరు, పళ్ళమ్మాయి తప్ప. ఆమెకి అక్కడ ఆపరేటరు కనబడలేదు. గ్లాసు కడిగి బోర్లించిన మైనం తాతే కనబడ్డాడు.

సాఫ్ట్‌వేర్లు మూడు తేలాయి. ఒకటి ధర వినగానే అందరూ చేతులెత్తేశారు. మిగిలిన రెంటిలో ఒకటి సంఘం కాస్త ఊపిరి బిగబట్టి కొనగలిగేది, రెండోది దాదాపు ఊరికే వచ్చేది. రెండూ కొన్నాళ్ళు వాడి చూసుకోవచ్చు. కంప్యూటరు అలవాటున్న మనిషి వాడి చూసి చెబితే బాగుంటుందన్నారు. ల్యాబులో ఆ స్కానరుతో రోజూ తంటాలు పడేది నువ్వే కదా అని పని పళ్ళమ్మాయికి అప్పజెప్పారు. ఇంట్లో ఆ సంగతి చెబితే వాళ్ళమ్మ, పగలంతా పళ్ళు చాలక సాయంత్రం చుక్కలు కూడానా అంది.

*

మొదటి సాయంత్రం చవకదాన్ని పరీక్షించింది. తెర అంతా బూడిదరంగు గళ్ళు. చూడ్డానికి కిరాణా కొట్లో బిల్లు మిషనులా ఉంది. అయితే పని దొంగ కాదు. ఫోకస్ ఎంత కుదిరిందో అంకె చూపించింది, చెప్పినన్ని ఫోటోలు చెప్పినట్టు తీసింది. నడినెత్తి దగ్గర పడగానే మాత్రం కీచుమని అరిచి ఆగిపోయింది. ఇక్కడినుంచి నాకు చేతకాదు, మనిషిని పిలవండి అన్నట్టు.

మనిషి పక్కనే ఉన్నాడు. ఆపరేటరు లేచి ముందుగా కెమెరా తీగను తన మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకున్నాడు, తిరిగేటప్పుడు ఎక్కడా చిక్కుకోకుండా. తర్వాత రెండు బిగింపులు వదులు చేశాడు. ఒక అరచెయ్యి గొట్టం కిందా, ఇంకో చెయ్యి దానికి ఎదురుగా తూకానికి బిగించిన బరువుల మీదా వేసి, నిద్రపోతున్న పసిపిల్లను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నట్టు మెల్లగా అటునుంచి ఇటు తెచ్చాడు. బిగింపులు మళ్ళీ బిగించి, తీగ వదిలి, చొక్కా అంచుతో గొట్టం మీద తన వేలిముద్రలు తుడిచాడు. ఇదంతా ఎర్రలైటు వెలుతురులోనే. తెల్లలైటు వేస్తే చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెడతాయని మేడ మీద అందరూ చిన్న ఎర్రలైట్లే వాడతారు.

ఫోటోలు నడుస్తున్నంతసేపూ ఆయన ఒకచోట కూర్చోలేదు. మాటిమాటికీ బజారువైపు పిట్టగోడ దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. మబ్బు పట్టేలా ఉందేమో చూస్తున్నాడనుకుంది. అక్కడ నిలబడి చేతిలో లైటును ఆర్పడం, వెలిగించడం, మళ్ళీ ఆర్పడం. బ్యాటరీ అయిపోవచ్చినట్టుంది, పాపం కొనుక్కోవడానికి కూడా అడగడు అనుకుని మర్నాడు వచ్చేటప్పుడు కొత్త బ్యాటరీలు తెచ్చిచ్చింది. ఆయన వాటికేసీ ఆమెకేసీ చూశాడు.

"ఎందుకు తల్లీ శ్రమ," అని జేబులో వేసుకున్నాడు.

రెండో సాయంత్రం రెంటిలో ఖరీదైన నల్లదాన్ని పెట్టింది. దీని తెర నల్లగా, అక్షరాలు ఎర్రగా, ముచ్చటగా ఉంది. మొదలుపెట్టే ముందు బోలెడు ప్రశ్నలు అడిగింది. ఊరు ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, టెలిస్కోపు పొడవెంత, స్తంభం ఎక్కడ అడ్డొస్తుంది అని పెళ్ళి సంబంధానికొచ్చినట్టు ఆరా తీసింది. ఆమె అన్నీ నింపింది. తీసిన ఫోటోలోని చుక్కల్ని తన దగ్గరున్న పటంతో పోల్చుకుని, గురి తప్పితే తనే సరిచేసుకుంది. ఫోటోలు చకచకా పడుతున్నాయి. ఇంకేం అనుకుని ఆమె తెరకేసి చూస్తూ కూర్చుంది. నడినెత్తి దాటింది. మలుపు తిరగలేదు. టెలిస్కోపు తన దారిన తాను పోతూనే ఉంది, వెనకనున్న కెమెరా స్తంభం మీదికి వాలుతూనే ఉంది.

ఆపరేటరు పిట్టగోడ దగ్గరినుంచి ఎలా చూశాడో, ఎంత వేగంగా వచ్చాడో ఆమెకి తెలియదు. స్తంభానికీ కెమెరాకీ మధ్య ఆయన చెయ్యి ఉంది. ఇంకో చేత్తో బిగింపు వదిలాడు. వేలి కణుపుల మీద చర్మం లేచిపోయింది. ఆమె కంగారుగా నీళ్ళసీసా అందిస్తే, కెమెరాకేం కాలేదులే అన్నాడు. ఆమె అడిగింది చెయ్యి గురించి.

తప్పు ఎక్కడుందో మర్నాడు ల్యాబులో పన్నుకి పాలిష్ పెడుతుంటే తట్టింది. అచ్చు తీసిన పన్ను ఎడమదో కుడిదో స్కానరుకి చెప్పకపోతే అద్దంలో చూసినట్టు తారుమారు చేసి కూర్చుంటుంది. ఆ మాటే పనిలో కొత్తగా చేరిన కుర్రదానికి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ఊరు ఎక్కడుందని అడిగినచోట రేఖాంశం అంకె సరిగ్గానే కొట్టింది కానీ, పక్కనున్న చిన్న గడిలో తూర్పు అని మార్చడం మరిచిపోయింది. దానంతట అది పడమర అని ఉంది, అలాగే వదిలేసింది. పాపం ఆ సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఈ ఊరు భూమికి ఎక్కడో ఆవలివైపు ఉంది. దానికి నడినెత్తి ఇంకా రానేలేదు. గురి మాత్రం చుక్కల్ని చూసి సరిచేసుకుంటోంది కనుక తేడా ఎవరికీ తెలియలేదు.

మూడో సాయంత్రం ఆ గడి మార్చింది. ఈసారి ఇద్దరూ స్తంభం పక్కనే నిలబడ్డారు. ఆపరేటరు చెయ్యి ముందుజాగ్రత్తగా గాల్లోనే ఉంది. సమయానికి ఫోటోలు ఆగాయి. మోటార్లు సన్నగా మూలిగాయి. గొట్టం తనంతట తనే లేచి, బరువులు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి ఒరిగి, చుట్టూ తిరిగి ఆగింది. ఒక ఫోటో తీసుకుని చుక్కల్ని పోల్చుకుంది. వెంట్రుకవాసి సర్దుకుంది. మళ్ళీ ఫోటోలు మొదలయ్యాయి. గాల్లో ఉన్న ఆపరేటరు చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"అంతేనా?" అన్నాడు.

"అంతే బాబాయ్."

"అయితే ఇక నాతో పని లేదన్నమాట."

ఆ మాటలో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. ఆయన వెనక్కి తిరిగి టెలిస్కోపు మీద కప్పే ప్లాస్టిక్ గుడ్డ తీసి, మడతపెట్టి, విప్పి, అంచులు కలిపి మళ్ళీ మడతపెట్టాడు. పిట్టగోడ దగ్గరికి వెళ్ళి ఆరోజు చాలాసేపు నిలబడ్డాడు. వెనకనుంచి ఆ వంగిన వీపు చూస్తుంటే పళ్ళమ్మాయికి ల్యాబులో స్టూలు గుర్తొచ్చింది. ఒకసారి మోటారు చప్పుడు చాటున దాక్కున్నాను, ఈసారి దాక్కోను అనుకుంది. దగ్గరికి వెళ్ళి ఒక మాట మాట్లాడితే ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోనని వెళ్ళలేదు. ఆయనకి తెలియకుండానే చెయ్యాలి అనుకుంది. ఆ ఆలోచన ఆమెకి బాగా నచ్చింది కూడా.

*

మీటింగులో అబద్ధం ఆడలేదు. ఆ మాట తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది. నల్లది మలుపు దగ్గర తిరగలేదనీ, కెమెరా స్తంభానికి కొట్టుకోబోయిందనీ, ఆపరేటరు చెయ్యి అడ్డం పెట్టకపోతే ఈపాటికి కొత్త కెమెరా సంగతి మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళమనీ చెప్పింది. జరిగినదే చెప్పింది. మర్నాడు జరిగినది చెప్పలేదు. బూడిదది చూడ్డానికి మోటుగా ఉన్నా మాట మీద నిలబడుతుందనీ, మలుపు దగ్గర మనిషి చెయ్యి ఉండటమే క్షేమమనీ ముగించింది.

ఆపరేటరు ఆ మీటింగుకి రాలేదు. ఈమధ్య ఫోటోల పని లేనిరోజు ఆయన రావడం లేదు. కార్యదర్శి రెండుమూడు ప్రశ్నలు అడిగాడు. ఇంకోసారి చూడకూడదా, పొరపాటు మనదేమో అన్నాడు. ఆమె చెవులు వేడెక్కాయి. చూశాను సార్ అంది. ఆయన కళ్ళజోడు తీసి ముక్కు మీద నొక్కుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మిగిలినవాళ్ళకి చవకది గెలవడమే సంతోషంగా ఉంది. మిగిలే సొమ్ముతో రేకుల గది కప్పు బాగుచేయించుకోవచ్చని ఎవరో అన్నారు, అందరూ సరేనన్నారు. పని చెప్పిన మేస్త్రి మర్నాడే వచ్చి పాత రేకులు విప్పేశాడు.

ఈ శుభవార్త తనే చెప్పాలని పళ్ళమ్మాయి పళ్ళు కొనుక్కుని ఆపరేటరు ఇంటికి వెళ్ళింది. వీటికి పాలిష్ అక్కర్లేదని దారిలో తనలో తను నవ్వుకుంది కూడా. అలా నవ్వుకుని చాలా రోజులైంది. ఇల్లు బజారులోనే, బట్టల కొట్టు వెనక సన్నటి మెట్లెక్కితే మేడ మీది గది. తలుపు తీసింది పక్కింటావిడ. ఆపరేటరు మందులకి వెళ్ళాడని, ఇప్పుడే వస్తాడని చెప్పి, మీరున్నారుగా, నేనిలా వెళ్ళి పొయ్యి చూసుకొస్తానని వెళ్ళిపోయింది.

గదిలో కిటికీ పక్కన వాలుకుర్చీలో ఆయన భార్య ఉంది. పక్షవాతం కుడివైపంతా తినేసింది. ఆ చెయ్యి ఒడిలో ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది. మూతి ఒక పక్కకి జారి మాట ముద్దగా వస్తోంది. పక్క బల్ల మీద జావ గిన్నె, దాని మీద మూత, మూత మీద చెంచా. పిన్నీ అని పలకరించి, సంఘం నుంచి వచ్చానని చెప్పింది పళ్ళమ్మాయి. సంఘం అనగానే ఆవిడ కళ్ళు కదిలాయి. మంచి చేత్తో కిటికీ బయటికి చూపించింది. వీధికి అవతల, కొట్ల కప్పుల పైన, గ్రంథాలయం మేడ. పిట్టగోడ స్పష్టంగా కనిపిస్తోంది.

"ఎర్రలైటు," అంది ఆవిడ.

ముందు అర్థం కాలేదు. ఆవిడ వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ, ముడుస్తూ తెరుస్తూ చూపించింది. అప్పుడు పళ్ళమ్మాయికి తను కొనిచ్చిన బ్యాటరీలు గుర్తొచ్చాయి. కూర్చున్న కుర్చీలో కొంచెం ముందుకి జరిగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒడిలో సంచీ పట్టుకుంది.

జావ తినిపించనా అని అడిగింది. ఆవిడ పెదాలు బిగించి తల అడ్డంగా తిప్పింది. అప్పుడే ఆపరేటరు మెట్లెక్కి వచ్చాడు. పళ్ళమ్మాయిని చూసి ముందు కంగారుపడ్డాడు, తర్వాత మొహమాటంగా నవ్వి, గదిలో చెల్లాచెదురుగా ఉన్న బట్టలు ఒక పక్కకి తోశాడు. భార్య ఆయనకేసి చూసి, ముద్దమాటని ఎంతో కష్టపడి విడదీసుకుంటూ అడిగింది.

"అయిపోయిందా? ఇక వెళ్ళక్కర్లేదా?"

ఆపరేటరు పళ్ళమ్మాయికేసి చూశాడు. ఆ చూపులో ఉన్న ఆశ పోల్చుకోవడానికి ఈసారి ఆమెకి క్షణం కూడా పట్టలేదు. సంఘం బూడిదదే తీసుకుందని, మలుపుకి మనిషి ఉండాలని ఎలాగో చెప్పింది. ఆయన చేతిలోని మందుల పొట్లం బల్ల మీద పెట్టాడు. తర్వాత భార్య దగ్గరికి వెళ్ళి ఒళ్ళో చెయ్యి సరిచేసి పెట్టాడు.

"ఇంకొన్నాళ్ళేలే," అన్నాడు ఆవిడతో.

గిన్నె మూత తీసి, చెంచాతో జావ కలిపి, పెదవి బాగున్న వైపునుంచి పెట్టాడు. ఆవిడ నోరు తెరిచింది. మింగేదాకా ఆవిడ గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి ఉంచాడు. మింగిందని తెలిశాకే ఇంకో చెంచా. ఇంకెవరు పెట్టినా గొంతుకి అడ్డంపడుతుందని భయం, నోరు తెరవదు అని చెప్పాడు, తలెత్తకుండానే. ఆయన గ్రంథాలయం మేడ మీదున్న రోజు ఎర్రలైటు కనిపిస్తున్నంతసేపూ కిటికీ దగ్గర మెలకువగానే ఉంటుంది. లైటు ఆరి ఆయన ఇంటికొచ్చేసరికి అలసి నిద్రపోతుంది. నిద్రలో లేపి పెడితే పొరబోతుంది. ఆ పూటకి ఇక అంతే. ఆర్నెల్ల కిందటే కార్యదర్శికి మానేస్తానని చెబితే, సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా ఓపిక పట్టు, ఇంకెవరికీ ఆ పని రాదు అన్నాడట. ఇంటి గొడవ నలుగురిలో ఎత్తొద్దని కార్యదర్శిని ఆపరేటరే అడిగాడట.

మెట్లదాకా దిగబెట్టడానికి వచ్చి, ఆపరేటరు చివరి మెట్టు మీద ఆగాడు.

"మొన్న బాగానే తిరిగింది కదమ్మా. మళ్ళీ ఏమైంది దానికి?"

పళ్ళమ్మాయి గోడకేసి చూసింది. "ఏం కాలేదు బాబాయ్. బాగానే ఉంది. నేనే చెప్పలేదు."

"ఎందుకు?"

"మీ పని పోతుందని."

ఆయన అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. ఆయనకి కోపం వస్తే బాగుండుననిపించింది ఆమెకి. రాలేదు. కణుపుల మీద చెక్కుకట్టిన గాయాన్ని బొటనవేలితో తడుముకుంటూ అలసిపోయిన గొంతుతో అన్నాడు.

"సినిమా హాలువాళ్ళు నన్నడగలేదు, పొమ్మన్నారు. నువ్వూ అడగలేదు, ఉండమన్నావు. ఒక్కమాట అడిగితే ఏం పోయేది తల్లీ?"

పైనుంచి భార్య పిలిచిన చప్పుడైంది. ఆయన మోకాలు పట్టుకుని లేచి వెళ్ళాడు.

*

మర్నాడు మధ్యాహ్నం ల్యాబులో అడిగి వచ్చి, కార్యదర్శి పనిచేసే ఆఫీసుకి వెళ్ళి అంతా చెప్పింది. ఆయన కోప్పడతాడనుకుంది, కోప్పడ్డాడు కూడా. అయితే గొంతు పెంచలేదు, చుట్టూ జనం ఉన్నారు. నీ మాట మీద నమ్మకంతో పదిమంది చేతులెత్తారు, ఇప్పుడు నేనేం చెప్పను వాళ్ళకి అన్నాడు. గది కప్పు విప్పేశారు, డబ్బు మేస్త్రి చేతికి వెళ్ళింది, సంఘం మళ్ళీ ఏదైనా కొనడమంటే వచ్చే ఏడాదే. ఆయన ముందున్న కాగితాలు సర్దుకుంటూ, మంచితనమే అనుకో, కానీ మంచితనం చేసేముందు ఎదుటివాడిని అడగాలమ్మా అన్నాడు. ఆ మాట ఆమె అప్పటికే విని ఉంది. రెండోసారి విన్నా తగ్గలేదు.

వచ్చే ఏడాదిదాకా మలుపు నేను తిప్పుతాను సార్ అని చెప్పింది. ఇంట్లో వాళ్ళమ్మకి చెబితే, ఏడాదిపాటు సాయంత్రాలన్నీనా అని నోరు నొక్కుకుంది. మబ్బులేని సాయంత్రాలే అని జవాబిచ్చి, అన్నం కలుపుకుంది. తినబుద్ధి కాలేదు.

నేర్పడానికి ఆపరేటరు ఒక్క సాయంత్రం వచ్చాడు. కొత్త రేకుల వాసన ఇంకా పోలేదు. బూడిదది కీచుమనగానే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, ముందుకు రాకుండా తన చేతుల్ని తనే పట్టుకున్నట్టు. ఆమె బిగింపులు వదులు చేసి గొట్టం ఎత్తబోయింది. తీగ అన్నాడు. మరిచిపోయింది. మళ్ళీ మొదటినుంచి. తీగ మణికట్టుకి చుట్టుకుంది. గొట్టం అనుకున్నదానికంటే బరువుగా ఉంది, భుజం లాగింది. సగంలో బరువులు జారబోతే ఆయన నోటితోనే ఆపాడు. తొందరేం లేదు, అది నిన్ను చూసి పారిపోదు అన్నాడు. అంతా అయ్యాక చొక్కా అంచుతో తుడవబోయి, పని ఇక తనది కాదని గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. ఆమె తన చున్నీతో తుడిచింది.

తాళాలగుత్తి ఇచ్చేటప్పుడు ఆయన చెయ్యి ఒక్క క్షణం వదల్లేదు. ఇష్టం లేక చేసిన పనేం కాదమ్మా ఇది అన్నాడు. హాల్లో రీళ్ళు పోయాక చేతులకి ఏదో ఒకటి ఉండాలి కదా. అదీ నిజమే, ఇదీ నిజమే. ఆ రెండు నిజాలూ ఆయన ఒక్కడే మోసుకుంటూ మేడ మెట్లు దిగివెళ్ళాడు. పళ్ళమ్మాయి తెచ్చిన కొత్త బ్యాటరీలు లైటు పక్కన పెట్టి ఉన్నాయి, కాగితం కూడా విప్పలేదు.

మర్నాడు ఆమె ఒక్కతే మేడ మీద ఉంది. కప్పు తెరిచి, గుడ్డ తీసి మడతపెట్టి, ఫోకస్ అంకె చూసుకుని ఫోటోలు మొదలుపెట్టింది. ఇక నడినెత్తిదాకా చెయ్యడానికేమీ లేదు. ల్యాబులో ఖాళీ అట్టపెట్టెను ఎవరో తీసేశారు, స్టూలు మాత్రం అలాగే ఉంది. మైనం తాతకి ఫోన్ చెయ్యాలనుకుని ఫోన్ తీసింది. ఏం అడగాలి? పని పోయినందుకు బాధగా ఉందా అనా, హాయిగా ఉందా అనా? ఏదడిగినా అడగాల్సిన రోజు దాటిపోయింది. అయినా నంబరు నొక్కింది. అటువైపు మోగి మోగి ఆగిపోయింది.

కాళ్ళు వాటంతటవే పిట్టగోడ దగ్గరికి నడిచాయి. బజారు వెలుగుల మీదుగా చూస్తే ఆ కిటికీ వెంటనే దొరికింది. లోపల దీపం వెలుతురులో వాలుకుర్చీ, పక్కన వంగిన వీపు. చెంచా పట్టుకున్న చెయ్యి మెల్లగా పైకి వెళ్ళింది, ఆగింది, కిందికి వచ్చింది. మళ్ళీ పైకి వెళ్ళింది. ఈసారి అక్కడే ఉండిపోయింది. కుర్చీలోని తల కిటికీ వైపు తిరిగి ఉంది.

ఎందుకో ముందు అర్థం కాలేదు. తర్వాత తన చేతిలోకి చూసుకుంది. ఎర్రలైటు వెలుగుతోంది. ఆ లైటు వెలుగుతుంటే తన మనిషి మేడ మీదే ఉన్నాడని పిన్ని లెక్క, పక్కనే కూర్చుని చెంచా పట్టుకున్నవాడు ఎవరైనా సరే.

గబుక్కున లైటు ఆర్పేసి వెనక్కి జరిగింది. గోడ పక్కన చీకట్లో నిలబడి చూస్తూ ఉంది. చాలాసేపటికి ఆ తల ఇటువైపునుంచి అటు తిరిగింది. చెయ్యి కిందికి వచ్చి, మరో చెంచాతో మళ్ళీ పైకి వెళ్ళింది.

వెనక బూడిదది కీచుమంది. పళ్ళమ్మాయి లైటు వెయ్యకుండానే స్తంభం దగ్గరికి వెళ్ళి, తడిమి తీగ వెతుక్కుని, మణికట్టుకి చుట్టుకుంది.